చిటికెడు తక్కువ

"కుక్కల్ని పట్టుకోండి!"
గుడారం బయట మోటారుసైకిల్ ఆపి కేకేశాను.
గోబీ అంచున మా పలకరింపు అదే.
సంచిలో బీపీ మిషన్, చలికి బిగుసుకుపోయిన దాని గొట్టం,
పంతొమ్మిది ఇళ్ళ పేర్లు రాసుకున్న నోటుబుక్కు.
పన్నెండో పేరు చొయిజిల్.

ఒకప్పుడు కుస్తీ పట్టినవాడు. ఇప్పుడు యాభై ఒకటి.
పోయినసారి పట్టీ అతని చేతికి చాల్లేదు.
చిన్న పట్టీ పెద్ద చేతికి అబద్ధం చెబుతుంది,
అందుకని జిల్లా ఆసుపత్రిలో పోట్లాడి పెద్దది తెచ్చాను.

"ఐదు నిమిషాలు ఊరికే కూర్చో.
వీపు ఆనించు. పాదాలు నేలమీద పెట్టు. మాట్లాడకు."
ఆఖరిదే కష్టమైంది.
గొర్రెల ధర చెప్పబోయి రెండుసార్లు మింగేశాడు.

నూట డెబ్భై ఎనిమిది.
కింద నూట నాలుగు.

"నొప్పేం లేదే!"
మా అక్క మొగుడూ అదే అన్నాడు.
ఏరు ఒడ్డును అడుగునుంచి కోస్తున్నప్పుడు
పైన గడ్డి పచ్చగానే ఉంటుంది.
ఇప్పుడతను నా పేరు సగమే పలుకుతాడు.
మిగతా సగం ఎడమచేత్తో గాల్లో రాస్తాడు.

"పై అంకె నీ గుండె పిండినప్పటిది,
కింది అంకె అది సేదదీరినప్పటిది.
నీ గుండె విశ్రాంతిలో కూడా కుస్తీ పడుతోందయ్యా" అన్నాను.
దానికి నవ్వాడు. దుల్మా నవ్వలేదు.

మాత్రలు పోయిన చలికాలమే ఇచ్చాను.
నలభై రోజులు వేసుకున్నాడు, అంకె దిగింది,
దిగింది కదా అని మానేశాడు.
మిగిలినవి నశ్యం సీసా పక్కన, పట్టుగుడ్డలో, భద్రంగా!

నాకు ఒళ్ళు మండింది.
ఇలాంటప్పుడు చదవమని ఇచ్చిన కాగితం ఒకటి ఉంది నా దగ్గర.
అది తియ్యలేదు.
తలుపు తెరిచి బయట గోధుమరంగు గుర్రాన్ని చూపించాను.
"బుద్ధిగా నిలబడింది కదా, కాళ్ళ బందం విప్పేద్దామా?"

చాలాసేపు గుర్రాన్నే చూశాడు.
"బందం ఉంది కనక నిలబడింది" అన్నాడు, తనలో తను.

తర్వాత అడిగాడు: "ఎన్నాళ్ళు?"
"ఉన్నన్నాళ్ళూ."
పొయ్యిలో పిడక విరిగి కూలింది.
"అంటే, ఉంటాననేగా."

దుల్మా టీ గిన్నెవంకే చూస్తోంది.
పాలు, ఆకు, ఉప్పు. ఉప్పు లేకపోతే అది మాకు టీ కాదు.
ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదంటారు.
ఉప్పే ఇంటికి ద్రోహం చేస్తుంటే
ఏమనాలో పెద్దలెవరూ చెప్పిపోలేదు.

"మానెయ్యాలా?"
"చిటికెడు తగ్గించు. వచ్చే నెల ఇంకో చిటికెడు.
నాలుక కూడా పశువే, నెమ్మదిగా మచ్చికవుతుంది."

ఎండాకాలం మరిది గొంచిగ్ వచ్చి, ఒక గుక్క తాగి
"ఈ ఇంట్లో ఉప్పు నిండుకుందా?" అన్నాడట.
ఆమె మారుమాట్లాడకుండా ఉప్పుడబ్బా తెచ్చి
అతని మోకాలి దగ్గర పెట్టిందట.
అతిథికి చప్పిడి టీ పోసిన ఇల్లని
లోయంతా చెప్పుకున్నారు.
నాకు తెలిసి ఆ వేసవిలో
అంతకన్నా పెద్ద ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

ఆగస్టులో ఫోన్. సిగ్నల్ కోసం కొండెక్కి,
ఆయాసపడుతూ చొయిజిల్.
"చీలమండలు ఉబ్బాయి. బూటు పట్టడం లేదు.
మానెయ్యనా అని అడుగుతున్నా.
ఇంకా మానలేదు."
ఆ చివరి మాటకు
మందులగది మెట్లమీద కూలబడి కాసేపు నవ్వాను, ఎందుకో.
డాక్టరునడిగి మాత్ర మార్పించాను.

అక్టోబరు. పన్నెండో ఇల్లు.
నూట ముప్ఫై ఆరు. కింద ఎనభై నాలుగు.
నోటుబుక్కులో రాసి, అలవాటుకొద్దీ కింద గీత గీశాను.
అతను గొర్రెల ధర మొదలెట్టాడు.
దుల్మా కప్పు నా చేతిలో పెట్టి
నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

చప్పగా ఉంది.
తాగాను. ఇంకొంచెం పొయ్యమన్నాను.

పదమూడో ఇల్లు వాగు అవతల.
వాగు అప్పుడే అంచుల్లో గడ్డకడుతోంది.